వంశీ ఔటయిన శుక్రవారం

కార్తీక మాసం రెండో శుక్రవారం, పొద్దున్న పదిన్నరకి వంశీ క్లీన్ బౌల్డు అయ్యేడు. మబ్బు పట్టి ఉంది. ఉప్పలగుప్తం అవతల రొయ్యల చెరువుల మధ్య ఉన్న పెంకుటిల్లు అది. ఔటైనవాడు మంచం మీద దిళ్ళ ఆసరాతో కూచుని ఉన్నాడు. బంతి వేసినవాడు కువైట్లో ఉన్నాడు. వికెట్లు లేచిపోయింది హైదరాబాదులో ఒక గదిలో ఉన్న కంప్యూటర్లో. నేను ఆ ఇంటి లైను మనిషిని. కేబుల్ పనిలో చేరిన నాటినించి మానేసిన నాటిదాకా ఏం చేసేవని ఎవరైనా అడిగితే, నేను ఆ బంతి గురించే చెప్తాను.

లైన్ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. స్తంభం ఎక్కడం, ఫైబరు అతకడం మీకు ట్రైనింగులో చెప్తారు. మనిషింట్లోకి వెళ్ళేక ఏం చెయ్యాలో అక్కడెవరూ చెప్పరు.

అక్షరాల సంగతి

మాది అమలాపురం పక్కన పల్లెటూరు. నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు కొబ్బరికాయలు వలిచేను, పెద్దయ్యేక కాయల దింపులకి చెట్లెక్కేను. కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో చెట్టెక్కగలిగినవాడు కావాలంటే నన్ను తీసుకున్నారు. అప్పట్లో మా కోనసీమలో కేబుల్ వైరు చెట్టునించి చెట్టుకే వెళ్ళేది. స్తంభం ఉన్నచోట స్తంభం, లేనిచోట కొబ్బరి చెట్టు. ఏ వైరు ఎవరింటికో గుర్తుకి రంగు టేపు చుట్టుకునేవాణ్ణి. వానలకి టేపులూడిపోతే, ఒకరి వైరు పీకి ఇంకొకరికి పెట్టిన రోజులున్నాయి.

ముప్పై దాటేక నాకు అక్షరం వచ్చింది. నేర్పింది పద్మ గారు. టీవీ బొమ్మ కింద పరిగెత్తే ప్రకటనలుంటాయి చూడండి, చీరల కొట్లు, దినకార్యాలు, తప్పిపోయిన గేదెలు, అవన్నీ మా ఆఫీసులో కూచుని ఆవిడే కొట్టేవారు. నేను మిషన్ల పక్కన ఖాళీగా ఉంటే పిలిచి, "సూర్రావు గారూ, ఇదిగో వస్తోంది చూడండి, ఇది 'గే', దాని వెనకాల 'దె'. గేదె. పట్టుకున్నారా?" అనేవారు.

పట్టుకునేలోపు గేదె వెళ్ళిపోయేది. మళ్ళీ తిరిగొచ్చేదాకా చూసేవాణ్ణి.

అలా నేర్చుకోవడం వల్ల చాలా రోజులు కుడినించి ఎడమకి కదిలే అక్షరమే చదవగలిగేను. కాయితం మీద కదలకుండా నిలబడితే నాకు బోధపడేది కాదు. "అయితే కాయితాన్నే లాక్కోండి" అని నవ్వేవారావిడ. ఇప్పటికీ పేపరు మెల్లిగా పక్కకి జరుపుతూ చదువుతాను. మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఇది కూడా అలాగే రాస్తున్నాను, తప్పులుంటే దిద్దుకోండి.

ఓనరు గారు

మా ఓనరు వెంకట్రాజు గారు మంచి మనిషి. తుపానుకి వైర్లు తెగిపడితే మమ్మల్ని చెట్టెక్కించి తను కార్లో కూచునే రకం కాదు. వానలో తడుస్తూ నిచ్చెన కింద తనే పట్టుకునేవారు. "సూర్రావ్, మెల్లిగా, వైరు పోతే ఇంకోటి తెస్తాను" అని కిందనించి అరిచేవారు. అలాంటి ఓనర్లు ఇప్పుడు లేరు.

కానీ లైను గురించి అబద్ధం ఆడేవారు. ఎవరు ఫోన్ చేసినా "పైనించి ప్రాబ్లం అండి" అనేవారు. చెట్టు మీద పిట్ట గూడు కట్టినా పైనించి ప్రాబ్లమే, మా మనిషి కనెక్షన్ వదులుగా పెట్టినా పైనించి ప్రాబ్లమే. ఆ పైనెవరున్నారో నాకు ఇప్పటికీ తెలీదు. ఇంటర్నెట్ వచ్చేక ఇంకోటి నేర్చుకున్నారు. ఏ ఇబ్బంది చెప్పినా "పెద్ద ప్లాన్ తీసుకోండి, స్పీడు పెరుగుతుంది" అనేవారు. మేమూ అదే అనేవాళ్ళం. అందరం నమ్మేం కూడా.

మీరూ అంటారు. అనేముందు వంశీ సంగతి వినండి.

వంశీ వాళ్ళింటికి

ఆ ఇంటి ఫిర్యాదు మూడోసారి వచ్చింది. "నెట్ లేట్." ముందు వెళ్ళినవాళ్ళిద్దరూ సినిమా పెట్టి చూసి, బాగానే ఉందని వచ్చేసేరు. ఓనరు గారు పెద్ద ప్లాన్ చేయించేరు. అయినా ఫిర్యాదు పోలేదు. నన్ను పంపేరు.

వాళ్ళమ్మ సత్యవతి గారు తలుపు తీసేరు. లోపల మంచం మీద పాతికేళ్ళలోపు కుర్రాడు. మొహం నిండా తెలివి. కిందంతా ఎండిపోయిన ఒళ్ళు. కండరాలు చచ్చుపడిపోయే జబ్బు, చిన్నప్పుడే మొదలైంది. నడక ముందు పోయింది, తర్వాత చేతులు. అప్పటికి కుడిచేతి బొటనవేలూ, పక్క వేలూ పనిచేస్తున్నాయి.

"సినిమాలు బాగానే వస్తున్నాయండి," అన్నాడు. "బంతే లేటుగా వస్తోంది."

"ఏ బంతి నాయనా?"

అప్పుడు చెప్పేడు. వాళ్ళు ముగ్గురు స్నేహితులు, హైస్కూలు నించి. ప్రసాదు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. చిన్నా కువైట్లో లాండ్రీలో ఇస్త్రీ పని. ముగ్గురూ కలిసి క్రికెట్ ఆట ఆడుకోవాలి. ఆట కొన్నది ప్రసాదు, దాన్ని నడిపే కంప్యూటరున్నదీ ప్రసాదుకే. వంశీ దగ్గరున్నది పాత లాప్‌టాప్. అందుకని ఆట అక్కడ నడుస్తుంది, బొమ్మ ఇక్కడికొస్తుంది, వీడు బటన్ నొక్కితే ఆ నొక్కుడు మళ్ళీ హైదరాబాదు వెళ్ళి బ్యాటు లేపుతుంది. కువైట్లో చిన్నాకీ అంతే.

"మొదట వీడియో కాల్లో ఆడేవాళ్ళమండి. నేను 'కొట్టు' అని అరిస్తే ప్రసాద్ గాడు నొక్కేవాడు. వాడు నొక్కేది వాడికి నచ్చినప్పుడు."

"తర్వాత?"

"తర్వాత ఇది దొరికింది. కానీ నా వేలు కదలడానికి నాకే టైము పడుతుందండి. బౌలరు పరిగెత్తుకొస్తున్నప్పుడే నేను నొక్కడం మొదలెట్టాలి. దాని మీద మీ లైను ఆలస్యం కూడా కలిస్తే, బంతి కీపర్ చేతిలో పడ్డాక నా బ్యాటు లేస్తోంది."

ఫిర్యాదుల మీద చాలామంది నన్ను తిట్టేరు. ఈ కుర్రాడు లెక్క చెప్పేడు. నాకు తిట్లే నయమనిపించింది.

పంటు

నాకు తెలీదు గనక ప్రసాదుకి ఫోన్ చేసేను. తెలీనప్పుడు తెలిసినవాణ్ణి అడగండి, అందులో చిన్నతనం లేదు.

"ప్లాన్ పెంచేం బాబూ, ఇంకా లేటంటాడేంటి?"

"బాబాయ్ గారూ, సఖినేటిపల్లి రేవులో పంటు ఎప్పుడైనా ఎక్కేరా?"

"ఎక్కకేం. సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ దాని మీద వేసుకుని గోదారి దాటేవాళ్ళం."

"రేవుదాకా రోడ్డు ఎంత వెడల్పుంటే ఏంటండి, పంటు అవతలి గట్టున ఉంటే మీరు కూచోవాల్సిందే కదా?"

"ఆయ్."

"మీ ఓనరు గారు రోడ్డు వెడల్పు అమ్ముతున్నారు. వంశీకి కావాల్సింది పంటు."

ఇన్నేళ్ళ పనిలో ఇంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు. ఇంకోటి కూడా చెప్పేడు. పంటు రోజూ కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు, రోజూ ఒకేలా ఆలస్యమైతే మనం దానికి తగ్గట్టు ఇంట్లోంచి బయల్దేరతాం. ఒకసారి ముందు, ఒకసారి వెనక అయితేనే చెడుతుంది. చెయ్యి కూడా అంతే. నిలకడగా ఉన్న ఆలస్యానికి అలవాటు పడుతుంది, తిక్కగా వచ్చేదానికి పడదు.

ఇంక ఆ ఇంట్లో తిక్క ఎక్కడుందో వెతకడం మొదలెట్టేను.

నెట్ డబ్బా, అదే వైఫై రౌటరు, దేవుడి గూట్లో ఉంది. మీద తడిగుడ్డ.

"ఇదేంటమ్మా?"

"వేడెక్కిపోతోందండి అన్నయ్య గారూ, జ్వరం వచ్చినట్టు," అన్నారు సత్యవతి గారు. "పాపం రాత్రీ పగలూ పనిచేస్తుంది కదా. మధ్యాహ్నం కాసేపు ఆపి పడుకోబెడతాను కూడా."

వంశీ మంచం మీదనించి, "మా అమ్మ దానికి గంజి ఒకటే పట్టలేదండి," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. వేడెక్కిన ఒంటి మీద తడిగుడ్డ వెయ్యడం ఆవిడకి ఇన్నేళ్ళ అలవాటు. గుడ్డ తీయించి, డబ్బాని గూట్లోంచి దింపి, గోడ పొడుగూతా వైరు లాగి లాప్‌టాప్‌కే గుచ్చేను. గాల్లో వచ్చేది వద్దన్నాను. ఆటకి గాలి పనికిరాదు, తీగే కావాలి. ఇది రాసుకోండి.

తర్వాత చెట్టు. మా వాళ్ళు ఫైబరుని వెనక తోటలో కొబ్బరి చెట్టుకి బిగించి కట్టేసేరు, పాత కేబుల్ వైరుని కట్టినట్టే. రాగి తీగ ఓర్చుకుంటుంది. ఫైబరు లోపల గాజు. గాలికి చెట్టు ఊగినప్పుడల్లా కట్టు దగ్గర నలుగుతుంది. కోనసీమలో గాలి లేని రోజేది? అదీగాక కాయలు దింపే గంగరాజు ఎక్కినప్పుడల్లా కత్తికో కాలికో తగిలేది. పక్కన స్తంభం పాతించి, వైరు వదులుగా వేయించేను. గంగరాజుతో చెప్పేను.

"నేనా? నేను ఎప్పుడు తగిలించేనండి? మీ వైరే వచ్చి నా కాలికి తగిలింది."

"నీకు క్రికెట్ ఇష్టమా కాదా?"

"ప్రాణమండి."

"లోపల కుర్రాడు క్రికెట్ ఆడుతున్నాడు. నువ్వు చెట్టెక్కితే వికెట్ పడిపోతుంది."

ఆనాటినించి చెట్టెక్కేముందు కిటికీ దగ్గరికొచ్చి, "బాబూ, బ్యాటింగా?" అని అడిగి మరీ ఎక్కేవాడు.

చివరిది కరెంటు. వాళ్ళ నాన్న ఏడుకొండలు గారు చెరువుల మీద పనిచేస్తారు. రొయ్యలకి గాలి ఆడ్డానికి నీళ్ళలో తిరిగే ఏరియేటర్లు వేస్తారు కదా, అవి ఒక్కసారి తిరిగేసరికి ఆ వరస ఇళ్ళన్నిటికీ వోల్టేజీ పడిపోతుంది. డబ్బా గుడ్డిగా వెలిగి, చచ్చి, మళ్ళీ లేచేది. ఎండ కాసిన పూట ఏరియేటర్లు ఆపుతారు గనక ఆట పొద్దుటి పూట పెట్టుకున్నారు. శుక్రవారం, ఎందుకంటే చిన్నాకి సెలవు ఆ రోజే. ప్రసాదు ఆ వేళకి ఆఫీసులో ఏదో చెప్పుకునేవాడు.

ప్రసాదు తన వైపునించి బొమ్మ స్పష్టత తగ్గించేడు, తేలిగ్గా రావాలని. "మసగ్గా ఉంటుందిరా," అన్నాడు.

"జనం కనపడక్కర్లేదురా. బంతి కనపడితే చాలు," అన్నాడు వంశీ.

ఆ శుక్రవారం మొదటిసారి బ్యాటుకి బంతి తగిలింది. టక్కుమని చప్పుడు. సత్యవతి గారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేరు, ఏదో పగిలిందనుకుని.

లేని ఆలస్యం

అక్కడితో నా పని అయిపోవాలి. కానీ నేను వెళ్తూనే ఉన్నాను. నెల తిరిగేసరికి ఆ వేళ్ళు ఇంకాస్త నెమ్మదించేవి. నేనేదో ఒక అతుకు మళ్ళీ వేసి, ఒక వంపు తీసి, లైన్లో కాస్త టైము వెనక్కి తెచ్చేవాణ్ణి. జబ్బు పట్టుకుపోయేది ఎక్కువ, నేను తెచ్చేది తక్కువ. అది నాకూ తెలుసు, ఆ కుర్రాడికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు.

విచిత్రమేంటంటే, వేళ్ళు తగ్గుతున్న కొద్దీ వంశీ సిక్సర్లు పెరిగేయి.

ఒక శుక్రవారం నేనక్కడే ఉన్నాను. స్పీకర్లో చిన్నా గొంతు. లైను ఆలస్యాన్ని వాళ్ళు లాగ్ అంటారు. "అరెరే, లాగ్ రా బాబూ, లాగ్! యార్కర్ నొక్కితే ఫుల్ టాస్ పడింది. ఈ కువైట్ నెట్‌కి దణ్ణం పెట్టాలి." వంశీ మెల్లిగా నొక్కేడు, బంతి స్టేడియం బయట పడింది. ఇంకో బంతి, ఇంకో లాగ్, ఇంకో సిక్సరు.

ఆట అయ్యేక వంశీ గెలిచినవాడిలా లేడు.

"బాబాయ్ గారూ, చిన్నా గాడి లైను చూడాలండి."

"అది నా చేతిలో లేదు కదా నాయనా."

"ప్రసాద్ గాడి కంప్యూటర్లో అందరి లైనూ కనపడుతుందండి. నేనడిగితే వాడు చెప్పడు. మీరడగండి." తెర వైపు చూసి, "లైనే బాలేదా, వాడు నన్ను గెలిపిస్తున్నాడా, ఆ ఒక్కటి చెప్పండి చాలు," అన్నాడు.

పెరట్లోకొచ్చి ప్రసాదుకి ఫోన్ చేసి అడిగేను.

"అది అడక్కండి బాబాయ్ గారూ."

"అడిగేసేను."

"వాడి లైను నిలకడగానే ఉందండి. గదిలో వైఫై బాగోదని, లాండ్రీ ఓనర్ని బతిమాలుకుని కౌంటర్లో వైరు దగ్గర కూచుంటాడు. దానికి బదులు సెలవు పూట కూడా సగం రోజు ఇస్త్రీ చేసిపెడతాడు. ఆట మొదలైన దగ్గర్నించీ అంతే."

"మరి లాగ్ అంటాడే?"

"వంశీ వేలు లేవట్లేదండి. మాకు కనపడుతుంది కదా. వాడికి గెలవడం ఒక్కటే మిగిలిందని... మీరు చెప్పకండి. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను."

అరటి చెట్ల పక్కన నిలబడ్డాను. పైనించి ప్రాబ్లం అని చెప్పెయ్యొచ్చు. ఎన్ని వేలసార్లు చెప్పేం, ఇదొకటి. ఇది స్వార్థం కోసం కాదు కూడా. కానీ ఒకటుంది. ఆ కుర్రాడి ఒంటి గురించి డాక్టర్లు అతనితో కాకుండా వాళ్ళ నాన్నతో మాట్లాడేవారు. చుట్టాలు అతని మొహం చూసి ఒకటి అనేవారు, గుమ్మం దాటేక ఇంకోటి అనేవారు. అతను నోరు తెరిచి నిజం అడిగింది నన్ను. అడిగింది కూడా నాకు తెలిసిన ఒకే ఒక్క విషయం.

లోపలికెళ్ళేను.

"లైను బాగుంది నాయనా. నీదీ బాగుంది, చిన్నాదీ బాగుంది."

సత్యవతి గారు నా వంక చూసిన చూపు నేను మర్చిపోను. ఆవిడకి ముందే తెలుసని అప్పుడర్థమైంది. వంశీ కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, "ఫోన్ కలపమ్మా," అన్నాడు.

ఔటు

చిన్నా ఎత్తేడు. వెనకాల ఇస్త్రీ ఆవిరి చప్పుడు.

"ఏరా ఇస్త్రీ మేస్త్రీ, నీ లైను దివ్యంగా ఉందంటగా?"

"ఎవడన్నాడు?"

"సూర్రావు బాబాయ్ గారు."

"ఆయనకేం తెలుసురా? ఆయనుండేది అమలాపురం, నేనుండేది కువైట్."

"సముద్రం కిందనించి కొలిచేరులే. చెప్పు."

అవతల ఆవిరి చప్పుడు ఆగిపోయింది. "నీ వేలు లేవట్లేదు కదరా. పోయినవారం వీడియోలో చూసేను. ఏం చెయ్యమంటావు?"

"బౌలింగ్ చెయ్యమంటాను."

"ఔటైపోతావురా."

"అవుతాను. హైస్కూల్లో నన్నేం చేసేవాళ్ళురా మీరు? కుర్చీ వేసి అంపైరుగా కూచోబెట్టేవాళ్ళు. నీకెన్నిసార్లు ఔటిచ్చేను?"

"దొంగ ఔట్లు కూడా ఇచ్చేవు వెధవా."

"అందరికీ ఇచ్చేను. నాకెవడూ ఇవ్వలేదు. బ్యాటు పట్టుకున్నదే ఇప్పుడు. నన్నెవడైనా ఒకడు ఔట్ చెయ్యండ్రా, నేనూ ఆడేనని తెలుస్తుంది."

సత్యవతి గారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికెళ్ళిపోయేరు.

వచ్చే శుక్రవారం అని చెప్పుకున్నారు. అదే నేను మొదట చెప్పిన శుక్రవారం.

ఆ పొద్దున్న చూస్తే మబ్బు. మబ్బు పడితే చెరువులో గాలి తగ్గిపోయి రొయ్యలు పైకి తేలతాయి, ఏరియేటర్లు వెయ్యక తప్పదు. వేస్తే డబ్బా పోతుంది. ఏడుకొండలు గారు గుమ్మంలో నిలబడ్డారు. మాట తక్కువ మనిషి. ఆట ఆడుతుండగా ఆయన ఆ గదిలోకి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎంతసేపు?" అన్నారు.

"ఒక గంటండి," అన్నాను.

"కరెంటు వద్దు. ఇంజను మీద తిప్పుతాను." తలగుడ్డ చుట్టుకుని గట్టు మీదకి వెళ్ళిపోయేరు. కాసేపటికి డీజిల్ ఇంజను మొదలైంది. డబ్బా దీపం వణక్కుండా వెలుగుతోంది.

గంగరాజు నడుముకి తాడుతో వచ్చి, "బ్యాటింగా?" అన్నాడు. బ్యాటింగే అన్నాను. దింపు మానేసి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

నేను డబ్బా పక్కన నేల మీద కూచున్నాను. చేసేదేం లేదు. అయినా కూచున్నాను.

మొదటి బంతి. వంశీ వేలు ముందే మొదలెట్టింది, చాల్లేదు. బంతి కీపర్ దగ్గరికి వెళ్ళిపోయింది. చిన్నా లాగ్ అనలేదు. రెండోదీ అంతే. మూడోది బ్యాటు అంచుకి తగిలి ఒక పరుగు. ప్రసాదు అవతలి బ్యాటుతో ఒకటి తీసి మళ్ళీ వంశీకే ఇచ్చేడు. ఆ తర్వాత బంతి టక్కుమంది. నేల మీద పాకుతూ బౌండరీ దాటింది.

చిన్నా అమ్మనా బూతు తిట్టేడు. ఆ తిట్టు వినే నాకు అది నిజం ఫోరని తెలిసింది. వంశీ మొహం అలా వెలగడం నేను అంతకుముందు చూడలేదు.

"ఫోరు బాబో!" గంగరాజు కిటికీ ఊపేస్తున్నాడు. "కవర్స్ లోంచి ఫోరు!"

తర్వాతి బంతి. చిన్నా దూరంనించి పరిగెత్తుకొచ్చేడు. వంశీ వేలు కదిలింది. కదులుతూనే ఉంది. బ్యాటు లేచేసరికి మధ్య వికెట్ వెళ్ళి ఎక్కడో పడింది.

గంగరాజు కిటికీ ఊచలు వదిలేసేడు. స్పీకర్లో చప్పుడు లేదు. గట్టు మీద ఇంజను ఒక్కటే వినపడుతోంది.

"దీనికి అంపైరు అక్కర్లేదండి," అన్నాడు వంశీ నాతో. నవ్వుతున్నాడు. తర్వాత మైకు వైపు, "ఏరా, వికెట్ పడితే అరవ్వేంటి? అరవరా వెధవా!"

చిన్నా అరిచేడు. కువైట్ లాండ్రీ కౌంటర్లో కూచుని గొంతు చించుకుని అరిచేడు. అరుపు మధ్యలో ఏడుపైపోయింది, అయినా ఆపలేదు. ఆ అరుపు పక్క గదిలోంచి వచ్చినట్టే వచ్చింది, కాస్త కూడా ఆలస్యం లేకుండా.

డబ్బా

ఆ శుక్రవారం తర్వాత వంశీ ఇంకా కొన్నాళ్ళు ఆడేడు. బ్యాటింగుకి వచ్చిన ప్రతిసారీ ఔటయ్యేడు. వేలు పూర్తిగా ఆగిపోయేక బ్యాటింగ్ మానేసి, మళ్ళీ 'కొట్టు' అని చెప్పేవాడు, ప్రసాదు నొక్కేవాడు. శివరాత్రికి ముందు ఊపిరి అందక అమలాపురం ఆసుపత్రిలో పోయేడు. చిన్నాకి సెలవు దొరకలేదు. ఫోన్లో చూసేడు.

పన్నెండో రోజు వెళ్ళిపోయేక, డబ్బా తీసుకురమ్మని ఆఫీసులో చెప్పేరు. వెళ్ళేను. సత్యవతి గారు దాన్ని ఆపలేదు. మీద తడిగుడ్డ లేదు, నేను వద్దన్నాను కదా. అరచెయ్యి దాని మీద పెట్టి, "ఇంకా వేడిగానే ఉందండి అన్నయ్య గారూ," అన్నారు.

నేను తీయలేదు. ఆఫీసులో ఏం చెప్పేనో మీకనవసరం. లైను గురించి అబద్ధం మాత్రం చెప్పలేదు, బాగా పనిచేస్తోందన్నాను.

ఆ ఏడు ఎండల్లోనే మోకాళ్ళు మొరాయించి నేను పని మానేసేను. నిజం చెప్పి మంచి చేసేనా అని కొంతమంది అడిగేరు. వాళ్ళమ్మ గారికి చెడే చేసేను, ఆ చూపు చూసినవాణ్ణి గనక చెప్తున్నాను. అతనికి మంచే చేసేను. రెండూ నా దగ్గరే ఉన్నాయి, ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని దాచను. మీరు ఏ ఇంటికి వెళ్ళినా, అవతలివాడు ఎదురుచూస్తున్నది దేనికోసమో ముందు కనుక్కోండి. స్పీడు తర్వాత చూడొచ్చు.

వంశీ ఔటయిన శుక్రవారం అక్కడున్నవాళ్ళు వీళ్ళు. మంచం మీద వంశీ. మంచం పట్టె పట్టుకుని వాళ్ళమ్మ సత్యవతి గారు. చెరువు గట్టు మీద ఇంజను దగ్గర వాళ్ళ నాన్న ఏడుకొండలు గారు. కిటికీ అవతల గంగరాజు. డబ్బా పక్కన నేల మీద నేను, సూర్రావు. ప్రసాదు ఉన్నాడు. చిన్నా ఉన్నాడు.